వాన తగ్గలేదు, వరద తగ్గింది: ఈ తేడాని లెక్కలు ఎలా పట్టుకుంటాయి

హిమాయత్‌సాగర్ జలాశయానికి ఒకప్పుడు వచ్చినంత వరద ఇప్పుడు రావడం లేదనే మాట హైదరాబాద్‌లో ఎప్పటి నుంచో వింటున్నదే. ఎందుకని అడిగితే వానలు లేవని ఒకరంటారు, వాగులు కబ్జా అయ్యాయని ఇంకొకరు, పైన షాబాద్ వైపు చెక్ డ్యాములు కట్టేశారని, బోర్లు వేసి తోడేస్తున్నారని మరొకరు. వీటిలో మొదటి మాటని రికార్డులు ముందు పెట్టుకుని సూటిగా పరీక్షించొచ్చు, పరీక్షించారు కూడా. 1980 నుంచి 2007 దాకా ఉన్న లెక్కలతో చేసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. ఆ 28 ఏళ్ళలో వానలో అలాంటి తగ్గుదల ఏదీ కనిపించలేదు, వాతావరణానికి నీటిని ఆవిరి చేసే శక్తి ఎంతుందన్న లెక్కలోనూ లేదు, జలాశయంలోకి వచ్చే ప్రవాహం మాత్రం తగ్గుతూ పోయింది. అంటే మారింది వాన కాదు, ఇంత వాన పడితే ఇంత నీరు వస్తుందనే లెక్క మారింది.

ఈ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే ముందు ఒక చిన్న గుణకారం చేసుకోవాలి. హిమాయత్‌సాగర్ పూర్తి నిల్వ 2.97 టీఎంసీలు, అంటే దాదాపు 8.4 కోట్ల ఘనపు మీటర్లు. పరీవాహక ప్రాంతం సుమారు 1,340 చదరపు కిలోమీటర్లు. ఆ నీటినంతా ఆ నేల మీద సమంగా పరిస్తే 63 మిల్లీమీటర్ల మందం వస్తుంది, అంతే. ఏడాదికి 700, 800 మిల్లీమీటర్ల వాన పడే చోట అందులో 63 మిల్లీమీటర్లు కిందికి పారితే జలాశయం ఖాళీగా ఉన్నది నిండిపోతుందన్నమాట. కాబట్టి పైన చెరువులు, కుంటలు, ఊట గుంటలు, ఎండిన నేల అన్నీ కలిసి ఓ 30 మిల్లీమీటర్లు ఆపేస్తే వాన లెక్కలో అది చాలా చిన్న సంఖ్య, జలాశయం లెక్కలో మాత్రం 1.4 టీఎంసీలు, సగం హిమాయత్‌సాగర్. వానకొలత పుస్తకంలో కంటికి కూడా ఆనని తేడా రిజర్వాయర్ దగ్గర కరువులా కనిపించడానికి కారణం ఇదే.

ఇక ఇలాంటి మార్పుని ఎలా పట్టుకోవాలి అనేది అసలు విషయం. చాలా రిపోర్టుల్లో కనిపించే పద్ధతి ఏమిటంటే వానకి ఒక ట్రెండ్ టెస్టు (ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతోందా తగ్గుతోందా అని చూసే పరీక్ష), ప్రవాహానికి ఒక ట్రెండ్ టెస్టు విడివిడిగా చేసి, ఇది సిగ్నిఫికెంట్ (యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం తక్కువ), అది కాదు, కాబట్టి సంబంధం మారింది అని రాసేయడం. ఎక్కువగా వాడేది మాన్-కెండాల్ పరీక్ష. అందులో చేసేదల్లా ప్రతి రెండేళ్ళ జతనీ తీసుకుని తర్వాతి ఏడాది విలువ ముందుదానికన్నా ఎక్కువా తక్కువా అని లెక్కపెట్టడమే, అందుకే ఒకటి రెండు మహా వరదలు వచ్చిన ఏళ్ళు దాన్ని పెద్దగా కదిలించలేవు. పరీక్ష మంచిదే. తప్పు దాన్ని వాడే తీరులో ఉంది. వాన ఏడాది ఏడాదికీ విపరీతంగా ఊగుతుంది కాబట్టి 28 ఏళ్ళలో వాన నిజంగానే కొంత తగ్గినా టెస్టుకి దొరక్కపోవచ్చు. దొరకలేదంటే లేదని కాదు. ఒకటి సిగ్నిఫికెంట్ అయి ఇంకోటి కానంత మాత్రాన ఆ రెండిటి మధ్య తేడా సిగ్నిఫికెంట్ అయిపోదు. సంబంధం మారిందా అనేది ప్రశ్న అయితే సంబంధాన్నే పరీక్షించాలి.

పాత తరం ఇంజనీర్లు దీనికి వాడింది డబుల్ మాస్ కర్వ్. కూడుతూ వచ్చిన వాన అడ్డంగా, కూడుతూ వచ్చిన ప్రవాహం నిలువుగా పెట్టి గీస్తారు. సంబంధం మారకపోతే చుక్కలు దాదాపు ఒకే సరళరేఖ మీద పోతాయి, మారితే ఎక్కడో ఒక చోట గీత వంగుతుంది. మొదట్లో ఇది ముఖ్యంగా వర్షమాపకాల రికార్డుని సరిచూసుకోవడానికి పనికొచ్చింది: చుట్టుపక్కల పది స్టేషన్ల సగటుతో పోలిస్తే ఒక స్టేషన్ గీత వంగిందంటే ఆ ఏడాది పరికరం చోటు మార్చారో, పక్కన చెట్టు పెరిగిందో అని వెళ్ళి చూసేవాళ్ళు. కాగితం, పెన్సిల్ చాలు, తొలిచూపుకి ఇప్పటికీ ఇంతకన్నా మంచి బొమ్మ లేదు. కానీ దాన్ని రుజువుగా చూపిస్తేనే చిక్కు. కూడుతూ పోయే సంఖ్యలు ఎప్పుడూ పైకే పోతాయి కాబట్టి ఏ రెండిటిని తీసుకున్నా గీత చక్కగా కుదిరినట్టే ఉంటుంది, 0.99 అనే సహసంబంధం (రెండు సంఖ్యలు ఎంత దగ్గరగా కలిసి కదులుతున్నాయో చెప్పే కొలత, గరిష్ఠం 1) చూసి మురిసిపోవడానికి ఏమీ లేదు. ఇంకో పక్క ఏ మార్పూ లేని యాదృచ్ఛిక సంఖ్యల్ని కూడినా వరసగా నాలుగు ఎండు ఏళ్ళు తగిలితే గీత వంగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఒక ఏడాది తేడా ఆ తర్వాతి ప్రతి చుక్కలోకీ మోసుకుపోతుంది. వంపు కనిపించిన ఏడాదిని రాసుకోవాలి, దాని మీద తీర్పు మాత్రం వేరే పరీక్షతో చెప్పించాలి.

ఆ వేరే పరీక్షలో మూలం రిగ్రెషనే. ప్రవాహాన్ని వానతో అంచనా వేసే ఒక గీత వేస్తాం, ఒక ఏడాది తర్వాత ఆ గీత కిందికి జరిగిందా, వాలు మారిందా, రెండూ జరిగాయా అని చూస్తాం. ఏడాది ముందే తెలిసి ఉంటే, అంటే డ్యాం ఫలానా ఏడాది పూర్తయిందని బయటి నుంచి తెలిస్తే, 1960లో అర్థశాస్త్రవేత్త గ్రెగరీ చౌ చెప్పిన పరీక్ష సరిపోతుంది. గొడవంతా ఏడాది తెలియనప్పుడే. బొమ్మ చూసి, వంపు 1993 దగ్గర ఉన్నట్టుందని ఎంచుకుని, అదే 1993ని మామూలు పట్టికతో పరీక్షించడం అన్యాయం, ఎందుకంటే అన్ని ఏళ్ళలోకీ బాగా విరిగినట్టు కనిపించేదాన్ని ఏరుకుని తెచ్చి, ఇది విరిగిందా అని అడుగుతున్నాం. గీతలో ఒక గుణకం (వాలు లాంటి ఒక సంఖ్య) మారిందా అని చూసే పరీక్ష ఒక స్కోరు ఇస్తుంది, మార్పేమీ లేకపోయినా నూటికి ఐదుసార్లు మాత్రమే ఆ స్కోరు దాటే హద్దు, అంటే 5 శాతం హద్దు, మామూలుగా 3.84. అదే మధ్యలో ఉన్న 70 శాతం ఏళ్ళలో ఎక్కడైనా విరగొచ్చు అని వెతికినప్పుడు 1993లో డొనాల్డ్ ఆండ్రూస్ ఇచ్చిన పట్టికల ప్రకారం ఆ హద్దు 8.5 కన్నా పైకి పోతుంది. రెండింతలకు మించి! ఈ ఒక్క సవరణ చేస్తే 5 లేదా 6 స్కోరుతో నిలబెట్టిన బ్రేక్ పాయింట్లన్నీ (సంబంధం విరిగిందన్న ఏళ్ళు) నిలబడకుండా పోతాయి.

ఇంకో సంగతి, ఏళ్ళు ఒకదానికొకటి పూర్తిగా విడిగా ఉండవు. పోయినేడు బాగా కురిస్తే ఈ ఏడు బావుల్లో నీరుంటుంది, వాగుల్లో ఊట ఉంటుంది, అంతే వానకి కాస్త ఎక్కువ నీరు పారుతుంది. వరసగా రెండేళ్ళు ఎండితే ఇది తలకిందులవుతుంది. దీనివల్ల చేతిలో ఉన్న ఏళ్ళు పైకి 28 అయినా అసలు సమాచారం అంత ఉండదు. వరస ఏళ్ళ మధ్య సహసంబంధం 0.3 అనుకుంటే, సగటుని పోల్చే లెక్కకి 28 ఏళ్ళు సుమారు 15 స్వతంత్ర ఏళ్ళతో సమానం. ఇది పట్టించుకోకపోతే టెస్టు ఉత్తి పుణ్యానికే మార్పు దొరికిందని చెప్పేస్తుంది. దిద్దుకోవడానికి ఉన్న దారుల్లో సులువుగా అర్థమయ్యేది బ్లాక్ బూట్‌స్ట్రాప్: మూడు నాలుగేళ్ళ ముక్కలుగా రికార్డుని కోసి, ఆ ముక్కల వరసని కలిపి కొట్టి వేలసార్లు అదే పరీక్ష చేసి, అసలు రికార్డులో వచ్చిన స్కోరు అలా కలిపి కొట్టినవాటిలో ఎన్నిసార్లు వచ్చిందో చూడటం. ల్యాప్‌టాప్ మీద నిమిషాల పని.

ఇప్పుడు అన్నిటికన్నా ఆసక్తికరమైన చోటికి వద్దాం. సంబంధం మారింది అంటే ఏ రకంగా మారింది? ఊహకి రెండు గీతలు తీసుకోండి. పాత రోజుల్లో మొదటి 450 మిల్లీమీటర్ల వాన నేలా చెరువులూ తాగేసేవి, ఆ పైన పడినదాంట్లో నాలుగో వంతు కిందికి వచ్చేది. ఇప్పుడు చెక్ డ్యాములు, గుంటలు, బోర్లతో లోతుకి ఎండిన నేల కలిసి మొదటి 570 మిల్లీమీటర్లు తాగేస్తున్నాయి, ఆ పైన మళ్ళీ నాలుగో వంతే వస్తోంది. 750 మిల్లీమీటర్లు పడిన ఏడాది వరద 75 నుంచి 45కి పడిపోతుంది, 40 శాతం నష్టం. 1,100 పడిన ఏడాది 162 నుంచి 132కి, నష్టం 18 శాతమే. రెండుచోట్లా పోయింది 30 మిల్లీమీటర్లే. ఈ డేటాని మిల్లీమీటర్లలో రిగ్రెషన్ చేస్తే గీత కిందికి జరిగింది, వాలు మారలేదు అని జవాబొస్తుంది. చాలామంది చేసినట్టు లాగరిథమ్ తీసుకుని చేస్తే వాలే మారిందని వస్తుంది: ఈ రెండు వానల మధ్య, పాత రోజుల్లో వాన 1 శాతం తగ్గితే వరద 2 శాతం తగ్గేది, ఇప్పుడు 2.8 శాతం తగ్గుతోంది. రెండు జవాబులూ నిజమే, ఒకే మార్పుకి రెండు కొలబద్దలు. ఏ స్కేలులో చూశారో చెప్పకుండా వాలు మారిందని రాస్తే చదివేవాళ్ళకి అందులో ఏమీ దొరకదు.

ఈ ఉదాహరణలోనే ఊళ్ళకి, నగరానికి కావలసిన విషయం కూడా ఉంది. కరువు ఏళ్ళలో వరద బాగా పడిపోతుంది, మహా వర్షాల ఏళ్ళలో దాదాపు పాతంత దూకుడుగానే వస్తుంది, ఎందుకంటే గుంటలన్నీ నిండాక ఆ పైన పడే ప్రతి చినుకుదీ పాత దారే. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగినప్పుడు ఇదే హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తి మూసీలోకి నీళ్ళు వదలాల్సి వచ్చింది. సగటు వరద తగ్గింది కాబట్టి నది పొడుగునా ఇళ్ళు కట్టుకోవచ్చనే వాదన ఎంత ప్రమాదమో దీన్ని బట్టి తెలుస్తుంది, సగటు గురించి చెప్పిన పరీక్ష వరద శిఖరం గురించి ఏమీ చెప్పలేదు. అందుకే సగటు గీత ఒక్కటే కాకుండా క్వాంటైల్ రిగ్రెషన్‌తో దిగువ పది శాతానికి, ఎగువ పది శాతానికి విడిగా గీతలు వేసి చూడాలి. కాపులా అనే పద్ధతి కూడా ఇందుకే వాడతారు, వానా వరదా ఒక్కొక్కటి ఎలా పంపిణీ అయ్యాయో పక్కనపెట్టి, రెండూ కలిసి ఎలా కదులుతున్నాయో, ముఖ్యంగా రెండూ అతిగా ఉన్న మూలలో ఎంత గట్టిగా ముడిపడ్డాయో చూపిస్తుంది. కానీ 28 చుక్కలతో ఆ మూలలో ఉండేది రెండు మూడు ఏళ్ళే. అంత తక్కువ డేటాతో కాపులా మారిందని ప్రకటించడం దుస్సాహసం.

బాగా వాడుకలో ఉన్న ఇంకో పద్ధతి జరిగే కిటికీ, అంటే 15 ఏళ్ళో 21 ఏళ్ళో చొప్పున కిటికీ జరుపుతూ సహసంబంధం ఎలా మారుతోందో గీయడం. బొమ్మ అందంగా వస్తుంది, కథ చెప్పడానికి బాగుంటుంది, అందుకే జాగ్రత్తగా ఉండాలి. 15 ఏళ్ళ కిటికీలో సహసంబంధం 0.5 వచ్చిందనుకుంటే దాని 95 శాతం హద్దులు (అసలు విలువ ఉండొచ్చని 95 శాతం నమ్మకంతో చెప్పే పరిధి) దాదాపు సున్నా నుంచి 0.8 దాకా ఉంటాయి. అంటే అసలు సంబంధం అంగుళం కదలకపోయినా ఆ గీత 0.2కీ 0.7కీ మధ్య తూగుతూ ఉండొచ్చు. మన రుతుపవనాల విషయంలోనే దీని మీద పెద్ద చర్చ నడిచింది. ఎల్ నినోకీ (పసిఫిక్ సముద్రం మామూలుకన్నా వేడెక్కడం) భారత రుతుపవన వర్షాలకీ ఉన్న పాత ముడి బలహీనపడుతోందని 1999లో కృష్ణకుమార్, బాలాజీ రాజగోపాలన్, మార్క్ కేన్ సైన్స్ పత్రికలో రాశారు. 1997లో బలమైన ఎల్ నినో ఉండి కూడా వానలు మామూలుగానే పడటం జనానికి కళ్ళ ముందున్న సాక్ష్యం. రెండేళ్ళకి గెర్షునోవ్, ఆయన తోటి పరిశోధకులు అలాంటి ఊగిసలాట మారని సంబంధంలో కేవలం యాదృచ్ఛికంగా కూడా వస్తుందని లెక్కగట్టి చూపించారు. ఆ తర్వాత 2002లో ఒక మోస్తరు ఎల్ నినోకే దేశంలో వాన 19 శాతం తగ్గింది, 2009లో 22 శాతం. ముడి తెగిపోయిందని ధీమాగా ఉండే పరిస్థితి అయితే రాలేదు.

అయితే సంబంధం నిజంగానే మారిపోయి, తిరిగి రాకుండా పోయిన చోటు కూడా ఉంది. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో 1997 నుంచి 2009 దాకా సాగిన మిలీనియం కరువులో చాలా పరీవాహక ప్రాంతాల్లో అంతే వానకి పారే నీరు తగ్గిపోయింది. కరువు పోతే అంతా మామూలైపోతుందని అందరూ అనుకున్నారు. 2021లో సైన్స్‌లో వచ్చిన పరిశోధనలో విక్టోరియా రాష్ట్రపు పరీవాహకాలని హిడెన్ మార్కోవ్ నమూనాతో చూశారు: ప్రతి పరీవాహకానికీ మామూలు స్థితి ఒకటి, తక్కువ ప్రవాహ స్థితి ఒకటి ఉంటాయని, ఏ ఏడాది ఏ స్థితిలో ఉందో మనకి నేరుగా కనపడదని, వానా వరదా చూసి ఊహించాలని అనుకుంటే, స్థితి మారిన ఏడాదితో పాటు తిరిగి వచ్చిందా లేదా అన్నదీ అదే లెక్కలో వస్తుంది. కరువు ముగిసిన 7 ఏళ్ళకి కూడా 37 శాతం పరీవాహకాలు కోలుకోలేదు. కురిసినదాంట్లో మొక్కల ద్వారా, నేల ద్వారా గాలిలోకి పోయే వాటా పెరగడమే కారణం కావచ్చని తేల్చారు. ఒక్కసారి విరిగే గీతని మాత్రమే వెతికే పరీక్షకి ఇలా పోయి వచ్చేవి, పోయి రానివి వేరుచేయడం చేతకాదు, ఈ పద్ధతి విలువ అక్కడే ఉంది.

హిమాయత్‌సాగర్ లాంటి చోట మాత్రం మార్పు ఒక ఏడాదిలో వచ్చినది కాదు. గుంటలు ఏటా కొన్ని, బోర్లు ఏటా కొన్ని, సాగు కొద్దికొద్దిగా. ఇలాంటి నెమ్మది జారుడుని పెటిట్ పరీక్ష లాంటి బ్రేక్ పాయింట్ పరీక్షకి ఇస్తే అది ఒప్పుకుని చక్కగా రికార్డు నడుమ ఏదో ఒక ఏడాదిని చూపిస్తుంది, మనం ఆ ఏడాదిలో ఏం జరిగిందా అని పాత పేపర్లు తిరగేస్తాం. దీనికి సరైన దారి తొలి ఏళ్ళ డేటాతో వాన-ప్రవాహ నమూనా ఒకటి నిలబెట్టి, దాన్ని తర్వాతి ఏళ్ళకి నడిపి, నమూనా చెప్పినదానికీ నిజంగా వచ్చినదానికీ తేడా ఏటేటా ఎలా పెరుగుతోందో చూడటం. 2014 అధ్యయనంలోనూ దారి ఇదే, నమూనా పొరపాట్లలో కనిపించిన ధోరణిని ఆధారంగా తీసుకున్నారు. రోజువారీ వాన వాడే నమూనా అయితే ఇంకో లాభం ఉంది: 750 మిల్లీమీటర్లు తుంపరగా నాలుగు నెలలు పడటం వేరు, మూడు కుండపోతల్లో పడటం వేరు, ఏడాది మొత్తంతో చేసే రిగ్రెషన్‌కి ఆ తేడా తెలియదు, వాన పడే తీరు మారితే దాన్ని కూడా చెక్ డ్యాముల ఖాతాలో వేసేస్తుంది.

ఇదంతా చేసేముందు అసలు ఇన్‌ఫ్లో సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. చాలా జలాశయాల్లో లోపలికి వచ్చే నీటిని ఎవరూ నేరుగా కొలవరు. నిన్నటి మట్టం, ఈ రోజు మట్టం చూసి పట్టికలో నిల్వ తేడా తీసి, బయటికి వదిలింది, ఆవిరైంది కలిపి ఇంత వచ్చి ఉంటుందని వెనక్కి లెక్కేస్తారు. అడుగున పూడిక చేరినా పాత పట్టికే వాడుతుంటే నీటి మట్టం పెరిగినప్పుడల్లా ఉన్నదానికన్నా ఎక్కువ నీరు చేరినట్టు చూపిస్తుంది, పట్టిక కొత్తది పెట్టిన ఏడాది ఇన్‌ఫ్లో ఒక్కసారిగా తగ్గినట్టు కనిపిస్తుంది. నది మీద కొలిచే చోట ఇంకో తిప్పలు. మట్టాన్ని బట్టి ప్రవాహం చెప్పే రేటింగ్ కర్వ్ ఉంటుంది, ఇసుక తోడేసి నది అడుగు దిగిపోతే అంతే నీరు తక్కువ మట్టంలో పారుతుంది, కర్వ్ సవరించకపోతే ప్రవాహం తగ్గిందని రికార్డు అబద్ధం చెప్తుంది. స్టాటిస్టిక్స్‌కి ఈ విరుపూ నిజమైన విరుపూ ఒకటే.

మార్పు ఉందని తేలినా ఎందుకనేది పరీక్ష చెప్పదు. పక్కనే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ ఉంది, దాదాపు అదే వాన, అదే రకం నేల. రెండుచోట్లా సంబంధం ఒకేలా జారితే కారణం ఆ ప్రాంతమంతటికీ ఉమ్మడిది, ఒకచోటే జారితే ఆ పరీవాహకంలోనే వెతకాలి. ఒకటి మాత్రం మరిచిపోకూడదు: జలాశయానికి రాని నీరంతా పోయిన నీరు కాదు. అందులో కొంత పై ఊళ్ళ బావుల్లో ఉంది, అక్కడి మడిలో ఉంది. నగరానికి నష్టం అయినది రైతుకి రెండో పంట కావచ్చు.

ఈ లెక్కలు నదుల పంపకాల దాకా వెళ్తాయి. కృష్ణా నీటిని రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ళ వరస తీసుకుని కృష్ణాలో 75 శాతం నమ్మకంతో (అంటే నూటికి 75 ఏళ్ళలో కనీసం అంత) దొరికే నీరు 2,060 టీఎంసీలని తేల్చింది. తర్వాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్ళు తీసుకుని, 65 శాతం నమ్మకంతో 2,293 అంది. ఎగువన వాడుకున్న నీటిని తిరిగి కలిపి ఈ వరసలు తయారుచేస్తారు. కానీ లక్షల బోర్ల వల్ల వాగుల్లో తగ్గిన ఊటని ఏ రిజిస్టరులోంచి తీసి కలుపుతారు? అది కలపలేకపోతే తొలి ఏళ్ళూ చివరి ఏళ్ళూ ఒకే నదివి కావు, వాటిని ఒకే వరసలో పేర్చి శాతాలు తీసే ముందు వానతో ఉన్న సంబంధం మధ్యలో మారిందా అని పరీక్షించడం తప్పనిసరి.

తెలంగాణలో ఇప్పుడు ఈ పరీక్ష చేయడానికి మంచి అవకాశం ఒకటుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైంది, 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ లక్ష్యంగా పెట్టుకుని పూడిక తీయడం మొదలుపెట్టారు. ఇక్కడ ఏడాది బయటి నుంచి తెలుసు, బొమ్మ చూసి ఏరుకోనక్కర్లేదు, కాబట్టి ఒక్కో గుణకానికి హద్దు మళ్ళీ 3.84కి దిగుతుంది. పని విడతలుగా సాగింది కాబట్టి 2015కి ముందు సున్నా, తర్వాత ఒకటి అని పెట్టడం కన్నా, ఆ పరీవాహకంలో ఏటేటా అప్పటిదాకా మొత్తం ఎన్ని ఘనపు మీటర్ల పూడిక తీశారో ఆ సంఖ్యనే రిగ్రెషన్‌లో పెట్టి, వానతో (సగటు నుంచి తేడాగా తీసుకుని) దాని గుణకారాన్ని కూడా చేర్చాలి. మొదటి గుణకం సగటు వాన పడిన ఏడాదిలో ఎంత నీరు ఆగిందో చెప్తుంది, రెండోది ఆ ఆగడం కరువు ఏడాదిలో ఎంత, 2020 లాంటి ఏడాదిలో ఎంత అనేది చెప్తుంది.